తీసేసిన రెండో సీను

పోయిన వారం జయరాజును మనం చర్చి వెనక సర్కారు తుమ్మల మధ్య వదిలేశాం. నెత్తిన ట్రంకు పెట్టె, జేబులో అగ్గిపెట్టె. ఆ పెట్టెలో నలభై ఏళ్ల నాటకం సామాను ఉంది. వెల్వెట్ కోట్లు, పీచు గడ్డాలు, అట్ట కిరీటం, అన్నిటికీ అడుగున ‘ఎదురు పారిన వాగు’ నాటకం రాసుకున్న నోటు పుస్తకం. కొడుకు ఇమ్మానుయేల్ హైదరాబాద్‌లో కట్టుబడి పనిలో స్లాబు మీద నుంచి పడి చనిపోయి పదకొండు నెలలైంది. వాణ్ని ఆ నాటకమే తినేసిందని ఊరంతా అంటుంది. ఊరికంటే గట్టిగా జయరాజే నమ్మాడు. అందుకే తగలబెట్టడానికి బయల్దేరాడు. కోడలు సరిత అతన్ని ఆపలేక, పాన్‌గల్‌లో టైలర్ ఫకీర్ దుకాణానికి స్కూటీ వేసుకుని పోయింది. అక్కడ ఫకీర్ ఒక మాట చెప్పాడు. ఆ నాటకంలో ఇప్పుడు ఎవరూ ఆడని సీను ఒకటి ఉందట.

నాటకం మనిషిని తినడమేంటని కొత్తగా చదివేవాళ్లు నవ్వుకోవచ్చు. కొంచెం ఆగండి. ఈ నాటకం రాసింది జయరాజు తండ్రి చిన్నయ్య. అందులో ఒక రాజు ఏడంతస్తుల బురుజు కట్టిస్తాడు. ఆ తర్వాత లోకం తలకిందులవుతుంది. వాగు ఎగువకు పారుతుంది. పట్టపగలు గుడ్లగూబలు తిరుగుతాయి. ఆవు తన దూడను తానే తంతుంది. చివరికి బురుజు కూలి రాకుమారుడు చనిపోతాడు. కొడుకు తండ్రి మీద వేయాల్సిన మన్ను తండ్రి కొడుకు మీద వేస్తాడు. ఈ ఒక్క సీను కోసం చిన్నయ్య ఒక కట్టుబాటు పెట్టాడు. నాటకంలో తండ్రీకొడుకుల వేషాలు నిజమైన తండ్రీకొడుకులు కట్టకూడదు. స్టేజీ మీద తలకిందులైంది ఇంట్లో తలకిందులు కావద్దని ఆయన భయం. నలభై ఏళ్లు ఆ మాట తప్పలేదు. పోయిన ఏడాది ఏప్రిల్‌లో, రాకుమారుడి వేషగాడు కురుమూర్తి ముంబై పనికి పోయి రాకపోవడంతో, రాజు వేషంలో జయరాజు ఉండగానే, ఆ పూటకు ఇమ్మానుయేల్ రాకుమారుడి కోటు తొడుక్కున్నాడు. జులైలో చనిపోయాడు. ఇంకేం కావాలి ఊరికి?

సరిత స్కూటీ తుమ్మల దగ్గరికి వచ్చేసరికి పదకొండు దాటింది. వెనక సీటు మీద ఫకీర్, ఒక చేత్తో టోపీ పట్టుకుని, ఇంకో చేత్తో గుడ్డలో చుట్టిన పుస్తకాన్ని ఛాతీకి అదుముకుని కూర్చున్నాడు. పొగ అప్పటికే లేస్తోంది. కోట్లూ, గడ్డాలూ, జుట్టు టోపీలూ కాలిపోయాయి. ఆ కమురు వాసనకు ఫకీర్‌కు దగ్గొచ్చింది. జయరాజు మంట పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నోటు పుస్తకం ఒళ్లో ఉంది. ఇంకా వేయలేదు. వేయడానికి చెయ్యి వచ్చి ఉంటే ఈ పాటికి వేసేవాడే. సరితకు ఆ సంగతి చూడగానే అర్థమైంది, కొంచెం ధైర్యం వచ్చింది.

“మామా, ఆ పుస్తకం ఇటియ్యి” అంది.

“పో బిడ్డా. ఎండల ఎందుకొచ్చినవు? ఇది నాకూ దీనికీ ఉన్న లెక్క.”

“నాకు లేదా? పోయింది నా మొగుడు.”

జయరాజు తల ఎత్తలేదు. “అందుకే కాలబెడ్తున్న. నా కొడుకును తిన్న పుస్తకం ఇది. ఇంకొకని ఇల్లు ముట్టొద్దు.”

“పుస్తకం తినలే. ఆయన స్లాబు మీంచి పడ్డడు.”

“పడ్డడు. ఎందుకు పడ్డడు? ఊర్ల నుంచి ఇరవై మంది పోయిండ్రు ఆ పనికి. వాడే ఎందుకు పడ్డడు?” జయరాజు గొంతు ఉన్నట్టుండి లేచింది. రాజు వేషం కట్టినవాడి గొంతు అది, మైకు అక్కర్లేదు. “నీకు ఒకటి చెప్తా ఇను. ఎవ్వరికీ చెప్పలే. మీ అత్తకు గూడ చెప్పలే. పోయినసారి ఆటల, వాని మీద మన్నేసే సీను వచ్చింది. వాడు కండ్లు మూసుకొని పండుకున్నడు. నా కొడుకాయె. నాకు నిజంగ దుఃఖమొచ్చింది. నలభై ఏండ్లల అంత మంచిగ ఎన్నడు పాడలే. జనం లేసి నిలవడ్డరు. నేను...” పుస్తకం అట్టను గోటితో గీరుతూ నెమ్మదిగా అన్నాడు, “నేను సంబురపడ్డ బిడ్డా. కొడుకు మీద మన్నేసుకుంట, పద్యం బాగ కుదిరిందని సంబురపడ్డ.”

పదకొండు నెలలుగా ఈ మనిషి అన్నం ముందు కూర్చుని ఎందుకు లేచిపోతున్నాడో సరితకు ఇప్పుడు తెలిసింది. జాలేసింది. జాలి కంటే కోపం ఎక్కువ వచ్చింది. మామ మీద కాదు, ఈ బరువును మామ నెత్తిన పెట్టి హాయిగా తిరుగుతున్నవాళ్ల మీద. మంటకు అటుపక్కన, జయరాజుకు ఎదురుగా నేల మీద కూర్చుంది.

“సరే మామా. నేను వనపర్తిల డిగ్రీ చదివినదాన్ని, నాటకం సంగతి నాకు తెల్వదు. నువ్వే చెప్పు. మొదటి సీను ఏంది?”

“ఇప్పుడెందుకు?”

“చెప్పు, తర్వాత కాలబెట్టుకో. నేను అడ్డం రాను.”

జయరాజు ఫకీర్ వైపు చూశాడు. ఫకీర్ ఆకాశం వైపు చూశాడు.

“కొలువు” అన్నాడు జయరాజు. “రాజు బురుజు కట్టాలె అంటడు. మంత్రి ముహూర్తం పెట్టిస్తడు.”

“తర్వాత?”

“అపశకునాలు. వాగు ఎదురు పారుతది, గుడ్లగూబలు వస్తయి...”

“వాగు ఎందుకు ఎదురు పారింది?”

“అపశకునం గదా.”

“అపశకునం ఎందుకొచ్చింది?”

“రాత.”

“రాత అని ఏ సీన్ల ఉంది? ఎవరి మాటల ఉంది? పుస్తకం నీ ఒళ్లనే ఉంది, తీసి చూపియ్యి.”

జయరాజు పుస్తకం తెరవలేదు. నాటకమంతా అతనికి నోటికి వచ్చు. ఏ పాత్రా ఆ మాట అనదని అతనికి తెలుసు. జనం అంటారు, ఆట అయిపోయి చాపలు దులుపుకునేటప్పుడు. వాళ్లను ఏమనాలి? ముందు మంత్రి ముహూర్తం పెట్టించాడు, వెంటనే వాగు ఎదురు పారింది. మధ్యలో ఏమీ జరగలేదు. ఏమీ జరగనప్పుడు మనిషి రాత అనే అంటాడు.

“ఫకీర్ మామా, తియ్యి” అంది సరిత.

ఫకీర్ గుడ్డ విప్పాడు. ఇక్కడ ఫకీర్ గురించి రెండు మాటలు చెప్పాలి. ఈ ట్రూపులో ముప్పై ఏళ్లుగా హార్మోనియం ఆయనదే. తెలుగులో మాట్లాడతాడు, పాడతాడు, బేరమాడతాడు, తిడతాడు. రాయడం, చదవడం మాత్రం రాదు. చదివింది ఉర్దూ బడిలో. అందుకని చిన్నయ్య ఒక్కొక్క పాట చెబుతుంటే, ఆ తెలుగు పాటలన్నీ ఉర్దూ అక్షరాల్లో రాసుకున్నాడు. ట్రూపులో ఇంకెవరికీ ఆ పుస్తకం అక్కరకు రాలేదు, అర్థం కాలేదు. దుకాణంలో జాకెట్ల కొలతల చిట్టీల కింద పడి ఉంటే, ఆయన భార్య తాజ్‌బీ పారేయకుండా దాచింది.

“జయరాజన్నా, గుస్సా కాకు” అన్నాడు ఫకీర్. “నేను చదువుత. తప్పుంటే చెప్పు.”

వేలు కుడి నుంచి ఎడమకు జరుపుతూ, ముందు రాగం తీసి, తర్వాత మాట అందుకున్నాడు. కట్టుబడి పెద్ద రాజుగారి వాకిట్లో నిలబడి పాడే పాట అది.

“పచ్చి గోడ మీద పై గోడ ఎత్తకు రాజా,
ఒక్క వాన తాగనీ, ఒక్క ఎండ కాగనీ.
నీ పేరు నిలిపే తొందరలోన రాజా,
మా పిల్లల నిలపకు కూలే అంచున.”

జయరాజు పెదాలు కదిలాయి. నాలుగో పాదం ఫకీర్ కంటే ముందే అతని నోట్లోంచి వచ్చింది. ఇరవై రెండేళ్ల తర్వాత, ఒక్క అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. తన నోరే తనను మోసం చేసినట్టు అతను చేత్తో మూసుకున్నాడు.

“తర్వాత మంత్రి ఏమంటడు?” సరిత అడిగింది.

ఫకీర్ పుస్తకంలో చూడబోయాడు. పాటలే ఉన్నాయి, మాటలు లేవు. మాటలు జయరాజే చెప్పాడు, నేల చూపులు చూస్తూ.

“‘రాజుగారికి నేను చెప్త గాని, నువ్వు మీదికి ఎక్కు’ అంటడు. చెప్పడు. రాజు గూడ అడగడు. బురుజు ఎంత లేసింది అని మాత్రమే అడుగుతడు. కట్టుబడోళ్లు పద్నాలుగు మంది పోతరు. అది రెండో సీను. అప్పుడు... అప్పుడు వాగు ఎదురు పారుతది.”

“అంటే వాగు ఉత్తగ ఎదురు పారలే.”

“పారలే.”

“రాజు తప్పు చేస్తే, మంత్రి దాస్తే, నేల సైసలే. అందుకు పారింది. తాత గట్ల రాసిండు. మరి ఆ సీను ఏమైంది?”

మంట చిన్నదైంది. ఫకీర్ గొంతు సవరించుకుని తానే మొదలుపెట్టాడు. ఇరవై రెండేళ్ల కిందట, బల్మూర్ అవతల ఒక ఊర్లో ఆట. ఆట పెట్టించింది ఒక గుత్తేదారు. ముందు వరుసలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. స్టేజీ అతనిదే, వచ్చినవాళ్లందరికీ భోజనాలు అతనివే. ఆ ఎండాకాలమే అతని పనిలో గోడ కూలి మనుషులు పోయారు. తెర లేవకముందు మనిషిని పంపించాడు. ఆ రెండో సీను ఈ పూటకు వద్దు, మిగతాది బ్రహ్మాండంగా ఆడండి అని.

“ఒక్క పూటకే అనుకున్న” అన్నాడు జయరాజు. “మా నాయిన అప్పుడు మంచంల ఉండె. ఆయనకు చెప్పలే. ఆ పూట ఆట తొందరగ అయింది, జనం గూడ లేసిపోలే. అచ్చంపేటల మల్ల గట్లనే ఆడినం. ఇగ అలవాటైంది. మైకు పదింటి దాకనే అని పోలీసోళ్లు అన్నంక ఆ సీను యాదికే రాలే. నా పుస్తకంల కాగితాలు నేనే చింపిన.”

“నేను గూడ నోరు తెరవలే” అన్నాడు ఫకీర్. “హార్మోనియం మూసుకొని బిర్యానీ తిన్న. నీ ఒక్కనిదే అనకు.”

సరిత ఇద్దరినీ చూసింది. ఇద్దరు ముసలివాళ్లు, ఇద్దరూ తల వంచుకుని ఉన్నారు. ఇంతకుముందైతే ఆమె ఊరుకునేది. ఇవాళ ఊరుకోవడానికి రాలేదు.

“ఇరవై రెండేండ్ల సంది మీరు ఏం చేసిండ్రో ఎరుకేనా మామా? చేసినోన్ని తీసేసిండ్రు, కీడును ఉంచిండ్రు. చూసేటోల్లకు ఏం అర్థమైతది? మనుషులు ఉత్తగనే సస్తరు, బురుజులు ఉత్తగనే కూలుతయి అని అర్థమైతది. రేపు నిజంగ మనిషి పడితే గూడ గదే అంటరు. ఇమ్మానుయేల్ పడ్డడు. జారిండు అన్నరు. ఎందుకు జారిండు, ఎవరు ఎక్కిచ్చిండ్రు, పైన ఏమైంది? నువ్వు అడిగినవా?”

“లేదు.”

“ఊర్ల ఒక్కరన్న అడిగిండ్రా?”

“నాటకం తీసుకపోయింది అన్నంక ఇగ అడిగేదేముంది బిడ్డా...”

ఆ మాట అంటూ అంటూ జయరాజు ఆగాడు. తాను ఏమన్నాడో తనకే వినబడినట్టుంది.

సరిత గొంతు తగ్గించింది. “నాటకం తీసుకపోయిందని మొదట ఎవరు అన్నరు? జర యాది చేసుకో. మొట్టమొదట.”

జయరాజు కళ్లు మూసుకున్నాడు. సమాధుల తోట. జులై ముసురు. శవపెట్టె దించారు. అతను పిడికెడు మన్ను తీసుకుని నిలబడ్డాడు, వేయలేకపోయాడు. అప్పుడు వెనక నుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. ‘ఏం చేస్తవ్ చిన్నాయినా, ఆట తీసుకపోయింది. తండ్రీకొడుకులు కట్టొద్దని తాత ఊకెనే అన్నడా’ అన్నారు. ఆ చెయ్యి ఎవరిదో అతనికి గుర్తుంది. ఆ రోజు ఆ చెయ్యి ఎంతో ఓదార్పుగా అనిపించింది కూడా.

“స్టీఫెన్” అన్నాడు.

స్టీఫెన్ వాళ్ల పాలివాడే, జయరాజు అన్న కొడుకు. నాటకంలో మంత్రి వేషం అతనిది. బయట మేస్త్రి. ఊరి నుంచి ఇరవై మందిని హైదరాబాద్ పనికి తోలుకుపోయింది అతనే. ఇమ్మానుయేల్ పడిన రోజు స్లాబు కింద నిలబడి ఉన్నదీ అతనే. ఇప్పుడు అక్కడే ఇంకా పెద్ద గుంపుకు మేస్త్రి అయ్యాడు.

“నేను వాని మీద ఏం అంటలేను” అంది సరిత. “నాకు తెల్వదు. తెల్వదు గనుకనే అడగాలె అంటున్న. వచ్చే నెల పద్దెనిమిదికి ఏడాది. చర్చిల కూడిక ఉంటది, ఊరంత వస్తరు, హైదరాబాద్ పోయినోల్లు గూడ వస్తరు. ఆ రోజు ఈ నాటకం ఆడాలె. రెండో సీనుతోని ఆడాలె. తండ్రి వేషం నువ్వే కట్టాలె. కురుమూర్తి ముంబై నుంచి వచ్చిండు, నేను అడిగిన, కొడుకు వేషం కడ్త అన్నడు.”

“నాతోని కాదు.”

“అయితది.”

“ఆ మన్నేసే సీను నేను మల్ల పాడలేను సరితా. గొంతు పెగలది.”

“పెగలకుంటే ఊకె నిలవడు. సప్పుడు లేకుండ మన్నెయ్యి. రెండో సీను చూసినంక నువ్వు పాడకున్నా జనానికి అర్థమైతది.”

జయరాజు ఒళ్లోని పుస్తకం వైపు చూసుకున్నాడు. సరిగ్గా అప్పుడు అతని వెనక నుంచి నీళ్లు పడ్డాయి. మంట చుయ్యిమని ఆరిపోయింది, బూడిద అతని లుంగీ నిండా చిందింది.

జయరాజు భార్య బాలమణి. ఉపాధి పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, తట్ట చంకలో ఉంది, చేతిలో ఖాళీ నీళ్ల డబ్బా. ఎంతసేపటి నుంచి తుమ్మల వెనక నిలబడిందో ఎవరూ చూడలేదు. కొడుకు పోయిన రోజు నుంచి ఆమె భర్తతో మాట్లాడటం మానేసింది. అన్నం పెడుతుంది, బట్టలు ఉతుకుతుంది, ఏం చెప్పాలన్నా కోడలితో చెప్పిస్తుంది. పదకొండు నెలలు ఆ ఇంట్లో కాపురం అలా నడిచింది.

“ఫకీరన్నా” అంది బాలమణి, భర్త వైపు చూడకుండా. “ఆ మనిషిని ఒకటి అడుగు. ఆ నాటకంల రాజు ఉండు, మంత్రి ఉండు, కొడుకు ఉండు. ఇప్పుడు కట్టుబడి పెద్ద గూడ వచ్చె. ఆ పిలగానికి తల్లి లేదా?”

ఫకీర్ తెల్లబోయాడు. ముప్పై ఏళ్లు ఆ నాటకానికి హార్మోనియం వాయించాడు. రాకుమారుడికి తల్లి ఉందో లేదో ఒక్కసారి కూడా అనుకోలేదు. చిన్నయ్య అనుకోలేదు. జయరాజు అనుకోలేదు. నిజం చెప్పొద్దూ, ఇన్ని వారాలుగా ఈ నాటకం కథ మీకు చెబుతున్న నేనూ అనుకోలేదు.

“లేదమ్మా” అన్నాడు ఫకీర్, తప్పు ఒప్పుకుంటున్నట్టు. “తల్లి వేషం లేదు.”

“ఎందుకు లేదు?”

ఈసారి ఆమె భర్త ముఖంలోకి సూటిగా చూసి అడిగింది. జయరాజు తల ఎత్తాడు. ఆమె తనతో మాట్లాడింది. ఆ సంగతి ముందు అర్థమై, తర్వాత ప్రశ్న అర్థమైంది.

“మా నాయిన రాయలే” అన్నాడు.

“నువ్వు రాయి.”

“ఏం రాయాలె బాలమణీ? నాకు రాదు.”

“అయితే రాయకు. నాకు పద్యాలొద్దు, రాగాలొద్దు. రెండో సీన్ల, ఆ మంత్రి మాట దాసినంక, నేను వస్త. వాని ఎదురుంగ నిలవడ్త. ఒక్కటే మాట అడుగుత. నువ్వు మాత్రం రాజు కుర్చీల కూసోవాలె. ఈసారి సీను తీసేసి పారిపోవద్దు.”

ఆడవాళ్లు ఈ ట్రూపులో ఎప్పుడూ స్టేజీ ఎక్కలేదు. ఆ ముక్క జయరాజు నాలుక చివరిదాకా వచ్చింది. భార్య కళ్లు చూసి మింగేశాడు. లుంగీ మీద బూడిద దులుపుకుని లేచాడు. నోటు పుస్తకం సరిత చేతిలో పెట్టాడు.

“కాగితాలు తెచ్చుకో బిడ్డా. రెండో సీను మాటలు చెప్త, రాసుకో. కోట్లు పోయినయి, మల్ల కుట్టాలె. ఫకీరన్నా, కొలతలు ఉన్నయా?”

“నీ నడుము ఇరవై ఏండ్ల సంది పెరుగుడే గాని తగ్గుడు లేదు, కొత్తగ తీస్త” అన్నాడు ఫకీర్. పదకొండు నెలల తర్వాత నలుగురిలో ఒకరికి నవ్వొచ్చింది. అది ఫకీర్‌కే వచ్చింది.

బాలమణి నవ్వలేదు. “మంత్రి లేకుండ రెండో సీను ఎట్ల ఆడుతరు?” అంది. “ఫోన్ కలుపు సరితా. నేను మాట్లాడ్త.”

సరిత ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత స్టీఫెన్ నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి అత్త చేతికిచ్చింది. రెండు రింగులకే ఎత్తాడు. వెనక కంకర మిషన్ మోత.

“స్టీఫెనూ, నేను. చిన్నమ్మను.”

“చిన్నమ్మా! ఏంది, అందరు మంచిగున్నరా? చిన్నాయిన మంచిగుండా?”

“ఉండు. వచ్చే నెల పద్దెనిమిదికి నాటకం ఆడుతున్నరు. మంత్రి వేషం నీదే. రావాలె.”

“నాటకమా? అది బంద్ చేసిండ్రు గదా. మల్ల ఆ కీడు ఎందుకు చిన్నమ్మా...”

“పాత సీను ఒకటి దొరికింది” అంది బాలమణి, తొందర లేకుండా, ఒక్కో మాటా విడదీసి. “ఒకడు పొద్దుగాల మంత్రి దగ్గరికొస్తడు. గోడ ఇంకా పచ్చిగుంది, మనుషులను మీదికి పంపకు అని చెప్తడు. మంత్రి ఇంటడు. ఇని గూడ, నువ్వు ఎక్కు అంటడు. గదీ సీను. రెండు ముక్కలే మాటలు, నీకు కష్టముండదు.”

అవతల కంకర మిషన్ మాత్రం తిరుగుతోంది. లైను తెగిందేమోనని సరిత ఫోన్ వైపు వంగింది. తెగలేదు, సెకన్లు కదులుతూనే ఉన్నాయి. తర్వాత ఎవరో మిషన్ ఆపేశారు. స్టీఫెన్ ఊపిరి వినిపించింది. మాట్లాడినప్పుడు అతని గొంతులో మేస్త్రి లేడు.

“చిన్నమ్మా” అన్నాడు. “ఆ రోజు పొద్దుగాల వాడు నాతోని ఏమన్నడో... నీకెవరు చెప్పిండ్రు?”

బాలమణికి ఎవరూ ఏమీ చెప్పలేదు.